మా ఫాంటు కన్వర్టర్ ఇల్లు మారుతోంది: జనవరి 2026 డైరీ

జనవరి 10, శనివారం

నిర్ణయం అయిపోయింది. మా కన్వర్టర్‌ని గిట్‌హబ్ నుంచి కోడ్‌బెర్గ్‌కి మారుస్తున్నాం. రెండూ ప్రోగ్రాముల కోడ్ ఉంచుకుని, నలుగురూ కలిసి పనిచేసుకునే సైట్లు. సంక్రాంతి సెలవుల్లో మొదలుపెట్టి నెలాఖరుకి ముగించాలి.

కొత్తగా చదివేవాళ్లకి ముందు ఈ ప్రోగ్రామ్ సంగతి. అను ఫాంట్లలో టైపు చేసిన పాత తెలుగు ఫైళ్లను ఇది యూనికోడ్‌లోకి మారుస్తుంది. ఆ ఫాంట్లలో ఉన్నది తెలుగు అని కంప్యూటర్‌కి తెలియదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు బొమ్మలుగా కూర్చుని ఉంటాయి. ఫాంటు తీసేస్తే మిగిలేది పిచ్చిరాతలే. 2010లో విజయవాడలో మా బాబాయి ప్రెస్సు కోసం దీన్ని రాశాను. శుభలేఖలు, పంచాంగాలు, కరపత్రాలు, ఆయన దగ్గర ఉన్నవన్నీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్ ఫైళ్లే. "ఒరేయ్ నాన్నా, పదిహేనేళ్ల పని ఈ హార్డ్‌డిస్కులో ఉంది. మెయిల్లో పంపితే ఒక్క ముక్క ఎవరికీ కనపడట్లేదంటున్నారు" అన్నాడు. అక్కడ మొదలైంది.

మా మొదటి ఇల్లు గూగుల్ కోడ్, గూగుల్ నడిపిన ఇలాంటి సైటే. 2015 మార్చిలో దాన్ని మూసేస్తున్నట్టు గూగుల్ ప్రకటించింది. ఆగస్టుకల్లా కొత్తగా ఏమీ మార్చడానికి లేకుండా పోయింది, 2016 జనవరిలో తలుపులు మూసేశారు. అప్పుడు హడావుడిగా గిట్‌హబ్‌కి వచ్చాం. కోడ్ తెచ్చుకున్నాం గానీ, ఏ ఫాంటులో ఏ ముక్క ఎక్కడుందో రాసుకున్న వికీ పేజీలు అక్కడే వదిలేశాం. గూగుల్ ఆ ప్రాజెక్టుల ఆర్కైవ్‌ని చదువుకోవడానికి ఉంచింది కాబట్టి సరిపోయింది. ఉంచకపోతే రెండేళ్ల పని మళ్లీ చేయాల్సి వచ్చేది.

ఈసారి ఎవరూ ఖాళీ చేయమనలేదు. గిట్‌హబ్ పదేళ్లు మాకు బాగా పనికొచ్చింది, ఆ మాట చెప్పే వెళ్లాలి. కానీ మేం రాసేది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, అంటే ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, పంచుకోవచ్చు. అది ఉండే ఇల్లు కూడా అలాంటిదే అయితే బావుంటుందని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. కోడ్‌బెర్గ్‌ని నడిపేది బెర్లిన్‌లో రిజిస్టర్ అయిన ఒక లాభాపేక్ష లేని సంఘం. దాని వెనక పనిచేసే సాఫ్ట్‌వేర్ పేరు ఫోర్జేయో, అది కూడా ఓపెన్ సోర్సే. ఎస్పెరాంటో భాషలో ఆ మాటకి కమ్మరి కొలిమి అని అర్థమట. పేరు నాకు ఎంతో నచ్చింది. 2025 నవంబరులో జిగ్ ప్రోగ్రామింగ్ భాషవాళ్లు కూడా కోడ్‌బెర్గ్‌కి మారడం చూశాక ధైర్యం వచ్చింది. అంత పెద్ద ప్రాజెక్టే కదిలినప్పుడు మాదెంత.

ఇంకొక కారణం కూడా ఉంది. ఇల్లు ఖాళీ చేయమన్న రోజున సామాను సర్దుకోవడం ఎలా ఉంటుందో 2015లో చూశాం. తీరిక ఉన్నప్పుడే సర్దుకుంటే ఏదీ పోదు.

జనవరి 11, ఆదివారం

కోడ్ వెళ్లిపోయింది. అది చాలా తేలిక.

ముందు జాగ్రత్తగా నా ల్యాప్‌టాప్‌లో ఒక మిర్రర్ క్లోన్ తీసి పెట్టుకున్నాను. అంటే అన్ని బ్రాంచిలు, అన్ని ట్యాగులు, చరిత్ర మొత్తం. కోడ్ మార్పుల చరిత్రని దాచే ప్రోగ్రామ్ గిట్. దాంట్లో ఉన్న గొప్ప సుగుణం ఏమిటంటే, ప్రతి కమిట్‌కీ, అంటే దాచిన ప్రతి మార్పుకీ, దాని పేరు దాని లోపలి విషయం నుంచే పుడుతుంది. నలభై అక్షరాల ఆ హ్యాష్ ఏ సర్వర్‌లో ఉన్నా అదే. కాబట్టి పాత చోట, కొత్త చోట బ్రాంచిల హ్యాష్‌లు పక్కపక్కన పెట్టి పోలిస్తే చాలు, మధ్యలో ఏమీ పోలేదని తెలిసిపోతుంది. పోల్చాను. ఒక్క అక్షరం తేడా లేదు. 2010 నాటి మొదటి కమిట్, "మొదటి ప్రయత్నం, క నుంచి ఙ వరకు" అన్నది, అక్కడ కూడా అలాగే ఉంది.

తేలిక కానిది ఇష్యూలు, అంటే తప్పుల గురించీ సందేహాల గురించీ జనం రాసే చర్చలు. మా రిపోలో (ప్రాజెక్టు కోడ్ మొత్తం ఉండే చోటు) ఇష్యూలు, పుల్ రిక్వెస్టులు (ఈ మార్పు కోడ్‌లో కలపండని పంపేవి) కలిపి 216 ఉన్నాయి. అసలు విజ్ఞానం అంతా వాటిలోనే ఉంది. కోడ్‌లో "వత్తు, గుణింతం వరుస: చూ. 47" అని ఒక్క వరసే ఉంటుంది. ఎందుకు అలా రాశామన్నది 47వ ఇష్యూలో నలభై కామెంట్లలో ఉంటుంది. ఆ నంబరు మారితే ఆ వరసకి అర్థమే ఉండదు.

కోడ్‌బెర్గ్‌లో గిట్‌హబ్ నుంచి దిగుమతి చేసుకునే పేజీ ఉంది. రిపో చిరునామా, ఒక యాక్సెస్ టోకెన్ (పాస్‌వర్డ్‌లాంటి రహస్య గుర్తు) ఇస్తే ఇష్యూలు, లేబుళ్లు, మైలురాళ్లు, రిలీజులు, వికీ అన్నీ లాక్కొస్తుంది. టోకెన్ ఎందుకంటే, అడిగేదెవరో చెప్పకుండా గిట్‌హబ్‌ని గంటకి 60 సార్లే అడగొచ్చు. టోకెన్‌తో అయితే 5000 సార్లు.

ఇక్కడ నేనొక పొరపాటు చేశాను. పాత పుల్ రిక్వెస్టులు ఎందుకులే, కోడ్ ఎలాగూ కలిసిపోయింది కదా అని ఆ గడిలో టిక్కు పెట్టలేదు. దిగుమతి అయ్యాక చూస్తే నంబర్ల మధ్య ఖాళీలు. గిట్‌హబ్‌లో ఇష్యూలకీ పుల్ రిక్వెస్టులకీ ఒకటే నంబర్ల వరస. "52లో చెప్పినట్టు" అని పది చోట్ల ఉంది, 52 పుల్ రిక్వెస్టు. ఆ లింకులన్నీ గాల్లో వేలాడుతున్నాయి. అది చెరిపేసి, ఈసారి అన్ని గడులూ టిక్కు పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. రాత్రి భోజనం అయ్యేసరికి వచ్చేశాయి. 47 అంటే 47. 52 అంటే 52.

జిగ్ వాళ్లు ఈ చిక్కుని ఇంకోలా విప్పుకున్నారు. పాత ఇష్యూలని పాత చోటే ఉంచి, కొత్త చోట నంబర్లని 30000 నుంచి మొదలుపెట్టారు, ఏ నంబరు ఎక్కడిదో గందరగోళం లేకుండా. వాళ్లకి వేలల్లో ఉన్నాయి కాబట్టి అది సబబే. మాకు రెండు వందలు. ప్రతి ఒక్కటీ కావాలి.

జనవరి 13, మంగళవారం

విజయవాడ బస్సులో కూర్చుని 47వ ఇష్యూ మొత్తం మళ్లీ చదివాను.

సంగతి ఇది. "లక్ష్మి" అన్న మాట తీసుకోండి. ఏ శుభలేఖ చూసినా ఉండే పేరు. పాత ఫాంటులో ఆపరేటర్ కంటికి కనపడే వరసలోనే కొడతాడు: ల, ఆ తర్వాత గుడితో సహా క్షి, ఆ తర్వాత కింద మ వత్తు. గుడి అక్షరం మీదుంటుంది కాబట్టి ముందొస్తుంది, వత్తు పక్కకి జారుతుంది కాబట్టి వెనకొస్తుంది. యూనికోడ్‌కి ఈ వరస పనికిరాదు. అక్కడ హల్లులన్నీ అయిపోయాకే గుణింతం రావాలి: క, ష, మ, చివర్న గుడి. ఉన్నది ఉన్నట్టు మారిస్తే "లక్షి్మ" అని వస్తుంది. తెలుగు వెబ్ పేజీల్లో ఈ రాత చూడనివాళ్లు ఉండరు. మా కన్వర్టర్ కూడా మొదటి ఆరేళ్లూ అలాగే ఇచ్చేది.

2017లో గుంటూరు నుంచి ఒక డీటీపీ ఆపరేటర్ గారు 47లో ఒక పెద్ద కామెంట్ రాశారు. ప్రోగ్రామింగ్ ఆయనకి రాదు. కానీ ఏ వత్తు ఏ మీటతో వస్తుందో, ఒకే వత్తుకి పొడుగుదీ పొట్టిదీ రెండు బొమ్మలు ఎందుకున్నాయో, ఏ అక్షరం కింద ఏది వాడతారో, తెల్లకాగితం మీద చేత్తో పట్టిక గీసి ఫొటోలు తీసి పెట్టారు. తొమ్మిది ఫొటోలు. ఒక దాంట్లో పట్టిక అంచున టీ గ్లాసు మరక కూడా ఉంది. మా కోడ్‌లో వత్తుల పట్టిక అంటే ఆ తొమ్మిది కాగితాలే.

కొత్త చోట ఆ కామెంట్ తెరిచి చూసుకుంటే రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, ఫొటోలు నిజానికి రాలేదు. కామెంట్‌లోని అక్షరాలు వచ్చాయి గానీ, బొమ్మల లింకులు ఇంకా పాత సర్వర్‌నే చూపిస్తున్నాయి. ఇవాళ కనపడుతున్నాయి, పాత రిపోకి ఏమన్నా అయితే రేపు కనపడతాయన్న నమ్మకం లేదు. రెండోది, ఆ కామెంట్ పక్కన ఆయన పేరు లేదు. ఆయన తర్వాతెప్పుడో గిట్‌హబ్ ఖాతా తీసేశారు కాబోలు. ఖాతా తీసేసినవాళ్లందరి మాటలూ అక్కడ "ఘోస్ట్" అన్న ఒకే పేరు కింద చేరిపోతాయి. దిగుమతిలో ఆ పేరే వచ్చింది. మా ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన కామెంట్ రాసినవారు దెయ్యంగా మిగిలిపోయారు. చాలా బాధనిపించింది.

ఫొటోల పని ఈ రాత్రే మొదలుపెట్టాను. ఇష్యూల్లోని బొమ్మల లింకులన్నీ ఏరితే 31 తేలాయి. అన్నీ దించి, ఇష్యూ నంబరుతో పేర్లు పెట్టి, రిపోలోనే ఒక ఫోల్డర్‌లో చేర్చాను. ఇక కామెంట్లలో లింకులు ఒక్కొక్కటే మార్చాలి.

జనవరి 17, శనివారం

పండగ అయింది. ప్రెస్సు ఇంకా తెరవలేదు కాబట్టి బాబాయి కంప్యూటర్ నాకు దొరికింది.

దీనితో పనేమిటంటే, మా వాడుకరుల్లో చాలామంది ప్రెస్సులవాళ్లు, అందరిదీ విండోస్. మా ప్రోగ్రామ్ రాసిన పైథాన్ భాషని ఎక్కించుకోమని వాళ్లకి చెప్పలేం, డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకునే ఒక ఫైల్ ఇవ్వాలి. ఇన్నాళ్లూ ఇలాంటి పనులు దానంతటదే చేసిపెట్టే గిట్‌హబ్ యాక్షన్స్ తన విండోస్ మెషీన్ మీద దాన్ని తయారుచేసి పెట్టేది. కోడ్‌బెర్గ్‌లో టెస్టులు నడపడానికి అలాంటిదే వుడ్‌పెకర్ ఉంది, అభ్యర్థన పెట్టుకుంటే ఇస్తారు. కానీ అక్కడివి లినక్స్ మెషీన్లు. పైథాన్ ప్రోగ్రామ్‌ని ఒకే ఫైల్‌గా చేయడానికి మేం వాడే పైఇన్‌స్టాలర్ ఏ సిస్టమ్ మీద నడిస్తే ఆ సిస్టమ్‌కే ఫైల్ తయారుచేస్తుంది, లినక్స్ మీద కూర్చుని విండోస్ ఫైల్ చేయలేదు.

రెండు రోజులు దీని మీద టెన్షన్ పడ్డాను. పరిష్కారం బాబాయి బల్ల మీదే ఉంది. ఆయన కంప్యూటర్ ఇప్పటికీ విండోస్ 7. పేజ్‌మేకర్ 7 దాంట్లో సజావుగా నడుస్తోంది, మార్చనంటాడు. విండోస్ 7 మీద నడిచే చివరి పైథాన్ 3.8. ఆ వెర్షన్‌తో, ఆ మెషీన్ మీదే ఫైల్ తయారుచేస్తే కొత్త విండోస్‌లో కూడా నడుస్తుంది, పాతదాంట్లోనూ నడుస్తుంది. ఇంకోలా చెప్పాలంటే, ఏడాదిగా మేం ఇచ్చిన ఫైల్ కొత్త మెషీన్ మీద తయారైంది కాబట్టి విండోస్ 7 ఉన్న ప్రెస్సుల్లో తెరుచుకోనే లేదు. బాబాయి ఏడాదిగా పాత వెర్షనే వాడుతున్నాడు. "కొత్తది తెరుచుకోవట్లేదని చెప్పొచ్చుగా బాబాయ్" అంటే, "పాతది పనిచేస్తోందిగా నాన్నా, నీకు మళ్లీ ఎందుకు పని" అన్నాడు. అడగాల్సింది నేనే.

ఫైల్ తయారైంది. 8 మెగాబైట్లు. దాని షా-256 హ్యాష్‌ని, అంటే ఫైల్లో ఏదీ మారలేదని తేల్చే గుర్తుని, రిలీజ్ పేజీలో పెట్టాను, దించుకున్నవాళ్లు సరిచూసుకోవడానికి. ఇక మీదట ప్రతి రిలీజుకీ ఈ పని చేత్తోనే. ఏడాదికి మూడు రిలీజులు చేస్తాం, ఫర్వాలేదు. పైథాన్ 3.8కి 2024 అక్టోబరు నుంచి భద్రతా సవరణలు రావట్లేదు, ఆ సంగతి మనసులో ఉంది. మా ప్రోగ్రామ్ నెట్‌తో ఏ పనీ పెట్టుకోదు కాబట్టి ప్రస్తుతానికి ఇలా కానిస్తున్నాం.

సాయంత్రం బాబాయితో ఆ గుంటూరు కామెంట్ గురించి చెప్పాను. పట్టిక ఫొటో చూడగానే, "ఈ చేతిరాత నాకు తెలుసురా" అన్నాడు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే ప్రెస్సులో పనిచేశారట. ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు.

"నమస్తే సార్. 2017లో మీరు వత్తుల పట్టిక గీసి పంపారు, గుర్తుందా అండీ?"

"ఎందుకు లేదు బాబూ. రెండు రాత్రులు కూర్చున్నాను దాని మీద. పనికొచ్చిందా?"

పనికొచ్చిందా అని అడిగారు. ఎనిమిదేళ్లుగా ఆ ప్రోగ్రామ్ నడిచేదే ఆ పట్టిక మీద. ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. కృతజ్ఞతల ఫైల్లో పేరు పెట్టొచ్చా అని అడిగితే, "పెట్టు బాబూ, పక్కన గుంటూరు అని కూడా రాయి" అన్నారు.

రాశాను. 47వ ఇష్యూలో ఆ కామెంట్ పైన కూడా, ఈ మాటలు ఎవరివో ఒక వరస చేర్చాను.

జనవరి 18, ఆదివారం

కన్వర్టర్ వెబ్ పేజీ. ఇదే ఎక్కువమంది వాడేది. పాత చిరునామా డీటీపీ వాట్సాప్ గ్రూపుల్లో ఎన్నేళ్ల నుంచో తిరుగుతోంది. కోడ్‌బెర్గ్‌లోనూ పేజీలు పెట్టుకునే వసతి ఉంది, పేజీ అక్కడ పెట్టడం అరగంట పని. పాత చిరునామాకి వచ్చినవాళ్లని కొత్త చోటికి పంపడమే సమస్య. గిట్‌హబ్ పేజీల్లో సర్వర్ స్థాయిలో దారి మళ్లించడం మన చేతిలో ఉండదు. అక్కడ ఒక చిన్న పేజీ ఉంచి, తెరవగానే కొత్త చిరునామాకి వెళ్లేలా అందులోనే రాయాలి. అలాగే చేశాను. జావాస్క్రిప్ట్ లేకపోయినా నొక్కడానికి మామూలు లింకు కూడా పెట్టాను.

పదేళ్ల కిందటే చేయాల్సిన పని ఒకటి ఇవాళ చేశాను: సొంత డొమైన్ కొన్నాను. ఇక మీదట ఇల్లు ఎన్నిసార్లు మారినా వాట్సాప్‌లో తిరిగే చిరునామా మారదు. ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే: వెబ్ పేజీ ఎక్కడ ఉంచినా, పేరు మాత్రం మీది పెట్టుకోండి.

జనవరి 24, శనివారం

చిల్లర పనులు. టెస్టులు వుడ్‌పెకర్ మీద నడుస్తున్నాయి. మొదటిసారి ఫెయిలయ్యాయి, ఎందుకంటే నేను పాత యాక్షన్స్ ఫైల్ని వరసకి వరస కాపీ కొట్టాను. రెంటి రాతా వేరు. తీరిగ్గా మళ్లీ రాస్తే పాతదానికంటే చిన్నదైంది.

పైథాన్ ప్యాకేజీల గిడ్డంగి పైపీఐలో మా పేజీ ఇంకా పాత చిరునామానే చూపిస్తోంది. విడుదలైన వెర్షన్ వివరాలు మార్చడానికి వీల్లేదు, కొత్త వెర్షన్ వేస్తేనే మారతాయి. అందుకే ఒక చిన్న రిలీజ్ చేశాం. ఇంతకుముందు టోకెన్ అవసరం లేకుండా గిట్‌హబ్ నుంచి నేరుగా పైపీఐకి వెళ్లే ఏర్పాటు ఉండేది. ఇప్పుడు ఈ ప్రాజెక్టుకి మాత్రమే పరిమితమైన టోకెన్ తీసి వాడుతున్నాం.

కొత్త రిపోని సాఫ్ట్‌వేర్ హెరిటేజ్‌లో భద్రపరచమని కూడా పెట్టాను. ప్రపంచంలో అందరికీ అందుబాటులో ఉన్న సోర్స్ కోడ్‌ని ఫ్రాన్స్‌లోని ఇన్రియా సంస్థ మొదలుపెట్టిన ఈ ఆర్కైవ్ 2016 నుంచి పోగుచేస్తోంది. గూగుల్ కోడ్, గిటోరియస్ లాంటి మూతపడిన చోట్ల ఉన్న కోడ్‌ని కూడా దాచింది. బిట్‌బకెట్ అనే సైటు 2020లో మెర్క్యూరియల్ (గిట్‌లాంటి ఇంకో ప్రోగ్రామ్) రిపోలను తీసేసినప్పుడు వాటినీ కాపాడింది. మా అక్షరాలు కూడా అక్కడ ఒక మూల ఉంటే నాకు నిద్ర పడుతుంది.

జనవరి 31, శనివారం

పాత రిపోని ఏం చేయాలన్న దాని మీద నాలుగు రోజులు చర్చ జరిగింది. కోడ్‌బెర్గ్‌లో మార్పు జరిగినప్పుడల్లా గిట్‌హబ్‌కి కూడా కాపీ పంపే ఏర్పాటు ఉంది, అది వాడదామని ఇద్దరు అన్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది, గిట్‌హబ్‌లో వెతికేవాళ్లకి తాజా కోడ్ దొరుకుతుంది. కానీ తాజాగా కనపడితే జనం అక్కడే ఇష్యూలు రాస్తారు. జవాబు చెప్పేవాళ్లం ఆరుగురం, రెండు వాకిళ్లు కాయలేం. ఎవరో ఒక ఆపరేటర్ పట్టిక గీసి పెడితే అది మేం చూడని చోట పడి ఉండకూడదు. ఆ మాటతో అందరూ ఒప్పుకున్నారు.

కాబట్టి ఆర్కైవ్ చేశాం, అంటే పాత రిపోని చదవడానికి మాత్రమే ఉంచాం. నొక్కే ముందు చేయాల్సినవి చేసుకోవాలి, తర్వాత అక్కడ ఏదీ రాయడం కుదరదు. రిపో తెరవగానే కనపడే పరిచయ పేజీ రీడ్‌మీ పైన తెలుగులో, ఇంగ్లిష్‌లో కొత్త చిరునామా పెట్టాను. తెరిచి ఉన్న 19 ఇష్యూల్లో ఒక్కొక్క దాంట్లో అదే నంబరుతో కొత్త చోటి లింకు పెట్టి మూసేశాను. సహకరించేవాళ్లు తమ కంప్యూటర్‌లో రిమోట్ చిరునామా (కోడ్ పంపాల్సిన సర్వర్ చిరునామా) మార్చుకునే ఒక్క వరస ఆదేశం కూడా రీడ్‌మీలో ఉంది. మధ్యాహ్నం మూడింటికి బటన్ నొక్కాను. పసుపు పట్టీ వచ్చింది, ఇది చదవడానికి మాత్రమే అని.

మొత్తం పదకొండుమంది సహకరించేవాళ్లలో ఇప్పటికి నలుగురే కొత్త ఖాతాలు తెరిచారు. మిగతావాళ్లకి ఒక్కొక్కరికే ఫోన్ చేస్తాను. మెయిల్ పెడితే సరిపోదు.

ఫిబ్రవరి 1, ఆదివారం

పొద్దున కొత్త ఇంట్లో మొదటి ఇష్యూ వచ్చింది, నంబరు 217. రాసింది గుంటూరు సార్. మనవరాలు ఖాతా తెరిచి ఇచ్చిందట. ఈసారి పేరు తెలుగులోనే పెట్టుకున్నారు. ఒక పాత కరపత్రం ఫొటో, కింద మా కన్వర్టర్ ఇచ్చిన మాట.

కాగితం మీద "స్వాతంత్ర్యం". మాది ఇచ్చింది "స్వాతంత్య్రం". రవత్తు ముందుండాలి, యవత్తు తర్వాత. కానీ కొట్టేటప్పుడు కంటికి అందంగా కుదురుతుందని చాలామంది యవత్తే ముందు కొడతారని, తనూ అలాగే కొట్టేవాణ్ణని ఆయన రాశారు. మేం కొట్టిన వరసలోనే మార్చాం, కాబట్టి తప్పు అలాగే వచ్చింది.

టైపు చేసింది టైపు చేసినట్టే ఇవ్వాలి, రాసినవాళ్ల అక్షరదోషాలు మనం దిద్దకూడదు అన్నది ఇన్నాళ్లూ మా నియమం. కానీ ఇది రాసినవాళ్ల తప్పు కాదు, కాగితం మీద సరిగ్గానే కనపడుతోంది. త కింద యవత్తు, దాని తర్వాత రవత్తు నిజంగా ఆ వరసలోనే రావాల్సిన తెలుగు మాట ఒక్కటి కూడా నాకు తట్టడం లేదు. అలాంటిది లేకపోతే రెంటినీ తారుమారు చేసేయొచ్చు. ముందు బాబాయి హార్డ్‌డిస్కులోని పంచాంగాలన్నిట్లో వెతకమని ఒక స్క్రిప్టు రాసి పంపాను. సోమవారం ప్రెస్సు తెరిచాక నడుపుతానన్నాడు.